తోలుపట్టీ రెండో కొస

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిసిన తర్వాత. ఒత్తులు ఎక్కడో ఒకచోట జారిపోతాయి. ఒక పేజీ నింపేసరికి నాకు ఒక పూట గడిచిపోతుంది. నర్మెట్టలో మా పక్కింటి శారద సంగతి ఇది. కొంత ఆమె చెప్పింది, కొంత నేను కళ్లతో చూసింది. రాస్తానంటే, "రాయి వదినె, గాని కత్తి ముచ్చట మాత్రం తప్పు రాయకు" అంది. ఆ ఒక్కటీ జాగ్రత్తగానే రాశాను.

ఉపేందర్ వాకిట్లో బండి ఆపి, దిగకుండానే కేక వేశాడు.

"కుమారన్నా! ఆదివారం మావోనికి పుట్టెంటికెలు. పొద్దుగాల్నే రావాలె."

అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్న కుమారస్వామి గ్లాసు పక్కన పెట్టి, కుడిచేయి తొడ కింద దోపుకున్నాడు. గడపలో నిలబడ్డ శారద అది చూసింది. ఈమధ్య ఆమె గ్లాసు సగమే నింపుతోంది. ఎందుకని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"గుడికి పోతలేరా?" అన్నాడు కుమారస్వామి.

"మా నాయినమ్మ మా మాట ఇంటే గద! గుడికాడ బ్లేడుతోని గీకి, గా బ్లేడును పారేస్తరట. పోరని తలకు మొదలు తాకిన ఇనుము పెంట మీద పడొద్దట. మా నాయినకు, నాకు తాకిన కత్తే కావాలె అంటది."

"మీ నాయినకు మా బాపు తీసిండు. నీకు నేను తీసిన. ఊరంత ఇనవడేటట్టు ఏడ్చినవు."

"గిప్పుడు గూడ ఏడుస్త అన్నా, నాయినమ్మ నోరు తెరిస్తె."

ఇద్దరూ నవ్వారు. శారదకు నవ్వు రాలేదు. రెండు రోజుల క్రితమే బట్టలు కుట్టే వీరేందర్ కుమారస్వామి కటింగ్ షాపులో గడ్డం గీయించుకుని వెళ్తూ, దవడకు దూది అద్దుకుని ఈ వాకిలి ముందు నుంచే పోయాడు. "ఎండకు తోలు పగిలింది వానిది" అన్నాడు కుమారస్వామి, ఎవరూ అడగకుండానే. ఆ తర్వాత వీరేందర్ తన కొడుకును కటింగ్ కోసం బస్టాండు దగ్గరి కొత్త షాపుకు తీసుకుపోవడం కూడా ఆమె చూసింది.

"వస్త పో. అవ్వకు చెప్పు" అన్నాడు కుమారస్వామి.

బండి మలుపు తిరిగాక తొడ కింది నుంచి చేయి తీశాడు. వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి, నీళ్లలో వేసిన ఆకుల్లాగా. రెండో చేత్తో వాటిని పట్టుకుని లేచాడు.

"కత్తి తియ్యి. పట్టీ మీద ఆడించు" అని షాపుకు వెళ్లిపోయాడు.

షాపులో పనంతా మిషన్‌తోనూ, బ్లేడుతోనూ నడుస్తుంది. అసలు కత్తి మాత్రం ఇంట్లో, రేకు డబ్బాలో, నూనె గుడ్డలో పడుకుని ఉంటుంది. పుట్టువెంట్రుకలకో, పెళ్లికొడుకును చేసేటప్పుడో లేస్తుంది. ఆ ఇంట్లో కత్తిని లేపడం ఆడవాళ్ల పని. అత్త చేసేది, అత్త పోయాక శారద చేస్తోంది. దాన్ని తల మీద పెట్టడం మాత్రం మగవాళ్ల పని. "గిది మా బాపు నేర్పిన పదును" అని కుమారస్వామి నలుగురిలో చెప్పుకునేవాడు. లోపల కూరగాయలు తరుగుతూ ఆమె వినేది.

కిటికీ పక్కన గోడకు కొక్కెం ఉంది. కుమారస్వామి పొడుగుకు సరిపోయేలా ఎప్పుడో అతని తండ్రి కొట్టింది. శారద వంటింట్లోంచి పీట తెచ్చుకుని, దాని మీద నిలబడి పట్టీ తగిలించింది. పట్టీ అంటే రెండు పొరల తోలు. ఒక పొరకు మందు పూస్తారు, ఇంకో పొరకు ఏమీ తగలనివ్వరు. మందు సబ్బుబిళ్ల లాంటి పచ్చటి ముద్ద. దాన్ని తోలు మీద అడ్డంగా, నిలువుగా సన్నగా రుద్దింది. అరచేత్తో ఒత్తి వేడి పుట్టించింది. తోలు మీద పచ్చటి నీడలాగా కనపడాలి తప్ప, పూతలాగా ఉండకూడదు. ఎక్కువైతే ఆ గరుకు కత్తి అంచునే తినేస్తుంది.

ఎడమచేత్తో పట్టీ కొసను బిగించి లాగి, కత్తిని పడుకోబెట్టింది. కత్తి వీపు ముందు పోవాలి, అంచు వెనక రావాలి. కొసకు చేరగానే వీపు మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలూ పోతుంది, పదునూ పోతుంది. పోయి రావడం, పోయి రావడం. మందు పొర మీద చప్పుడు మొదట గరగరలాడి, నెమ్మదిగా సన్నబడింది. అప్పుడు కత్తిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఉత్త తోలు మీదికి మారింది. అక్కడ చప్పుడు వేరు. పావురం రెక్క కొట్టుకున్నట్టు ఉంటుంది.

గోడ సందులో దోపిన చిక్కువెంట్రుకల ఉండలోంచి ఒకటి లాగింది. ఒక కొస వేళ్లతో పట్టి, వేలాడే వెంట్రుకకు కత్తి తాకించింది. వెంట్రుక రెండయింది. మగవాళ్లయితే ముంజేతి మీది నూగు గీసి చూసుకుంటారు. ఆమెకు ఆ ఆచారం లేదు.

పదును కుదిరింది. కుదిరినందుకే ఆమె దాన్ని గబగబా నూనె గుడ్డలో చుట్టి, డబ్బా మూత బిగించింది.

మర్నాడు కరివేపాకు అడిగే నెపంతో ఉపేందర్ ఇంటికి వెళ్లింది. బుజ్జిగాడు వాకిట్లో బొమ్మ ట్రాక్టరు తోలుతున్నాడు. నడక వచ్చింది, మాటలు వస్తున్నాయి. జుట్టు భుజాల మీద పడుతోంది. ఆమెను చూడగానే ట్రాక్టరు వదిలేసి వచ్చి కొంగు పట్టుకున్నాడు. పురిటిస్నానం నుంచి కూర్చోవడం వచ్చేదాకా వీడికి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసింది ఆమెనే. ఎత్తుకుని తల నిమిరింది. వేలు దానంతట అదే చెవి వెనక్కి పోయింది. జుట్టు కింద, మెడ మొదలయ్యే చోట, కందిగింజంత పులిపిరి. అలాగే ఉంది. కొంచెం పెరిగింది కూడా.

"నగేశన్న ఇయ్యాల మాపటికి వస్తండు జఫర్‌గఢ్ నుంచి. వీడు మేనమామ ఒళ్లె కూసుంటడో లేదో శారదక్కా, కొత్తోళ్లను చూస్తె ఇల్లు పీకి పందిరేస్తండు" అంది వర్ష, వాడి తల్లి.

"మిషన్ పెట్టిస్తె అయిపోవు గద వర్షమ్మా. గిప్పుడు అందరు గట్లనే..."

అరుగు మీద గోంగూర తుంచుతున్న సారక్క తల ఎత్తింది. ఉపేందర్ నాయినమ్మ ఆమె. చెవులు మందమే గాని, వినదలుచుకున్న మాట వినపడుతుంది.

"ఏందే శారదా? మీ ఇంటి పని మీకే బరువయ్యిందా? మీ మామ వెంకట్రాం ఉన్నప్పుడు గిట్ల అనేదానివా? ఆయన చెయ్యి పడ్డదంటె పోరడు నిద్రపోయేటోడు."

"అది గాదు అవ్వా..."

"మరేంది?"

శారద నోట్లో మాట ఉంది. మా ఆయన చెయ్యి వణుకుతోంది అవ్వా, వద్దు. ఆ ఒక్క మాట ఈ వాకిలి దాటిందంటే, సాయంత్రానికి ఊరంతా చేరుతుంది. రేపటి నుంచి షాపు కుర్చీలో ఎవరూ కూర్చోరు. అతను అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుంటాడు.

"ఏం లేదు అవ్వా. కరివేపాకు రెండు రెబ్బలు తెంపుకపోత" అంది.

ఇంటికి వచ్చేసరికి రేకు డబ్బా తెరిచి ఉంది. కత్తి లేదు. షాపుకు తీసుకుపోయాడు. ఏమీ తోచక వాకిలి ఊడ్చింది, ఊడ్చిందే ఊడ్చింది. పొద్దు వంగాక కుమారస్వామి వచ్చాడు. ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో సొరకాయ.

"తోటకాడ ఇచ్చిండ్రు. కూర వండు. కత్తిని ఇంకోపాలి ఆడియ్యి" అని స్నానానికి పోయాడు.

శారద కత్తిపీట ముందు కూర్చుంది. సొరకాయ చేతిలోకి తీసుకోగానే సబ్బు వాసన వచ్చింది. కడిగాడు గాని, తొడిమ దగ్గర తెల్లటి నురగ ఇంకా అంటుకునే ఉంది. వెలుతురుకు తిప్పి చూసింది. సొరకాయ మీది సన్నటి నూగు ఒకవైపు నున్నగా పోయింది. ఆ నున్నటి చోట గాట్లు ఉన్నాయి. చిన్న గాట్లు, అడ్డదిడ్డంగా. ఒకటి గుజ్జుదాకా దిగింది. లేత సొరకాయ బొడిపె ఉన్నచోట చెక్కు లేచిపోయి వేలాడుతోంది.

షాపు షట్టరు సగం దించుకుని, సొరకాయకు సబ్బు పూసి, ఒళ్లో పెట్టుకుని గీసుకుంటున్న మనిషి ఆమె కళ్ల ముందు నిలబడ్డాడు. ఎంత ఊపిరి బిగపట్టి ఉంటాడో. సొరకాయను ముక్కలు చేయడానికి ఆమెకు చాలాసేపు చేతులు రాలేదు.

అన్నం దగ్గర మెల్లగా అంది. "ఏమయ్యా, ఓపాలి జనగామ దవాఖానల చెయ్యి చూపియ్యరాదు?"

"నా చెయ్యికేమైంది?"

"ఏం గాలే. ఊకెనే."

"ఊకెనే ఎవడన్న దవాఖానకు పోతడా?" కంచం జరిపేసి లేచాడు. సొరకాయ కూర అలాగే ఉంది.

దీపం వెలుగులో శారద పీట ఎక్కింది. మందు ముద్ద తీసుకుని మందంగా రుద్దింది, పూత పడేదాకా. పట్టీని బిగించలేదు. సడలుగా, ఉయ్యాలలాగా వదిలేసి, కత్తిని అదిమిపట్టి ఆడించింది. తోలు లోపలికి కుంగి, అంచును చుట్టుకుని పైకి లేస్తోంది. అలా చేస్తే అంచు గుండ్రబడుతుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అత్త ఆమెను మొదట తిట్టింది ఈ తప్పుకే. ఈరోజు ఆ తప్పును తెలిసి, శ్రద్ధగా చేసింది. వెంట్రుకకు తాకించి చూసింది. వెంట్రుక వంగింది గాని తెగలేదు.

పొద్దున లేవగానే అతను ముంజేయి మీద గీసి చూసుకుంటాడు, ఎప్పుడూ చూసుకునేదే. నూగు తెగదు. కత్తి పోయిందని తిట్టుకుంటాడు, ఆమెను తిడతాడు. మిషన్ పట్టుకుని పోతాడు. సారక్క నాలుగు మాటలు అంటుంది. పిల్లవాడి తల పిల్లవాడికి ఉంటుంది, ఇతని పేరు ఇతనికి ఉంటుంది. ఇదీ ఆమె లెక్క.

ఆదివారం పొద్దున కుమారస్వామి తలస్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి గోడ వైపు తిరిగాడు. ఆమె మరిగే నీళ్లలో ముంచి తుడిచి ఇచ్చిన కత్తిని, నేరుగా డబ్బాలో పెట్టుకున్నాడు.

శారద డబ్బా మీద చేయి వేసింది. "చూసుకోవా?"

"నువ్వు ఆడించినంక మళ్ల చూసుడేంది?" అన్నాడు. ఆమె వైపు చూడలేదు. చొక్కా చేతులు మణికట్టుదాకా దించుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

చూసుకోకపోవడం నమ్మకం కాదని ఆమెకు అప్పుడు తట్టింది. తన ముంజేతి మీద తాను కత్తి పెట్టుకోవడానికి భయపడ్డాడు. అంటే ఇప్పుడు వణికే చేయి, తెగని కత్తి, కదిలే పిల్లవాడు. మొద్దు కత్తి అదిమితే గాని నడవదు. అదిమిన కత్తి జారుతుంది. జారిన చోట కందిగింజంత పులిపిరి ఉంటుంది.

పీట ఎక్కకుండానే ఎగిరి కొక్కెం నుంచి పట్టీ లాగింది. మందు ముద్ద కొంగులో కట్టుకుంది. చెప్పులు వేసుకోలేదు. నేను వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. "ఏందే శారదా?" అంటే, "రా వదినె" అని మాత్రం అని పరుగెత్తింది. నేనూ వెనక పోయాను.

ఉపేందర్ వాకిట్లో చాప వేసి ఉంది. నగేశ్ ఒళ్లో బుజ్జిగాడు గిలగిల కొట్టుకుంటున్నాడు. మేనమామ కత్తెరతో మొదటి వెంట్రుకలు తీసినట్టున్నాడు, వర్ష కొంగులో అవి ఉన్నాయి. పిల్లవాడి తల తడిసి ఉంది. కుమారస్వామి మోకాళ్ల మీద కూర్చుని కత్తి తెరిచాడు.

"ఆగు!" అంది శారద. ఆ గొంతు ఆమెదని నాకే తెలియలేదు.

అందరూ తిరిగారు. "కత్తి మొద్దువడ్డది. తల మీద పెట్టకు" అంది.

కుమారస్వామి ముఖం ఎర్రబడింది. "నిన్న ఆడించినవు గద?"

"చూడు నువ్వే."

చూడక తప్పలేదు. ఎడమచేతి చొక్కా మడిచి, కుడిచేత్తో కత్తిని ముంజేతి మీదికి తెచ్చాడు. కత్తి గాలిలోనే ఆడింది. ఎండ పడి, అది ఆడినట్టల్లా ఒక వెలుగు ముక్క గోడ మీద, సారక్క చీర మీద, నగేశ్ ముఖం మీద ఎగిరింది.

"ఏందిది పెద్దమనిషీ? పొద్దుగాల్నే కల్లు దాగొచ్చినవా?" అన్నాడు నగేశ్, పిల్లవాడిని వెనక్కి లాక్కుంటూ. "బావా, గీయన చేతికి పోరన్ని ఇస్తున్నరా మీరు?"

"తప్పు నాది" అంది శారద గబగబా. "నేనే మొద్దు జేసిన కత్తిని. కావాల్ననే జేసిన."

"కావాల్నని జేసినవా? ఎందుకే?" సారక్క కర్ర పట్టుకుని లేచింది. "మా పోరని తలతోని ఆటలా మీకు?"

శారద తలవంచుకుంది. ఏం చెప్పినా అతని పరువే పోతుంది. పట్టీని రెండు చేతులతో నలుపుతూ నిలబడింది. వాకిట్లో ఒక్క పిల్లవాడి ఏడుపే వినిపిస్తోంది.

కుమారస్వామి కత్తి మూసి చాప మీద పెట్టాడు. కుడిచేయి ఎత్తి, అందరికీ కనపడేలా వేళ్లు చాపాడు. ఈసారి దాచలేదు, రెండో చేత్తో పట్టుకోలేదు. వేళ్లను వాటి ఇష్టానికి వదిలేశాడు.

"గిది చూసి జేసింది అవ్వా" అన్నాడు. "కల్లు గాదు తమ్మీ. ఎండకాలం సంది గిట్లనే ఉన్నది. నేను జెప్పలె. అది అడిగితే కసిరిన."

తర్వాత భార్య వైపు తిరిగాడు. "పట్టీ తెచ్చినవు గద. పదును పెట్టు."

తగిలించడానికి ఆ కొత్త స్లాబు ఇంట్లో కొక్కెం ఎక్కడా లేదు. శారద అటూ ఇటూ చూసింది. కుమారస్వామి లేచి పట్టీ రెండో కొస పట్టుకున్నాడు.

ఆమె మందు పూతను గుడ్డతో తుడిచేసి, పలచగా మళ్లీ రుద్దింది. కత్తి పడుకోబెట్టింది. పట్టీ వణికింది. అతని చేతిలోని వణుకు తోలు వెంట పాకి వచ్చి ఆమె వేళ్లకు తగిలింది. ఇన్నాళ్లు దూరం నుంచి చూసిన దాన్ని మొదటిసారి ముట్టుకున్నట్టయింది.

"గట్టిగ గుంజు" అంది.

అతను గుంజాడు.

"ఇంక. ఒళ్లంత ఏసి గుంజు."

రెండు చేతులతో పట్టుకుని, కాలు వెనక్కి వేసి, తన బరువంతా వేశాడు. తోలు బిగిసింది. వణుకు ఎటు పోయిందో తెలియలేదు. కత్తి పోయి రావడం, పోయి రావడం. ఇద్దరూ కత్తినే చూస్తున్నారు. గరగర సన్నబడింది. ఆమె కత్తి తుడిచి ఉత్త తోలు మీదికి మారింది. పావురం రెక్క చప్పుడుకు బుజ్జిగాడు ఏడుపు ఆపి, నోరు తెరిచి చూశాడు. ఆమె తన తలలోంచి ఒక వెంట్రుక లాగి తాకించింది. అది తెగి చాప మీద పడింది.

కత్తి పిడిని అతని వైపు చాపింది, అలవాటుగా. అతను తీసుకోలేదు. వంగి నీళ్ల ఇత్తడి గిన్నె ఎత్తుకున్నాడు.

"కత్తి నీ చేతిల్నే ఉండనియ్యి. నేను నీళ్లు పడుత" అన్నాడు.

"ఆడది తల మీద కత్తి పెట్టుడా?" సారక్క అరిచింది. "యాడన్న ఉన్నదా?"

"అవ్వా, పదును నా భార్యదే. అప్పుడు గూడ మా అమ్మ పదునే. మేము తల మీద నడిపిచ్చినం, గంతే. కత్తి అదే గద, నువ్వు అడిగింది కత్తినే గద?"

సారక్క ఏదో అనబోయింది. వర్ష లేచి, నగేశ్ ఒళ్లోంచి కొడుకును తీసుకుని, తల శారద వైపు ఉండేలా మళ్లీ కూర్చోబెట్టింది. "మా పోరనికి మొదటి నీళ్లు పోసింది శారదక్కనే నాయినమ్మా. గా తల ఆమెకు తెల్వంది గాదు" అంది.

శారద చాప మీద కూర్చుంది. బుజ్జిగాడు తల విదిలించబోయాడు. అప్పుడు వాడి ముందు కుమారస్వామి గిన్నె పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. గిన్నెలో నీళ్లు చిన్నచిన్న అలలు పోతున్నాయి. వాటి మీద పడిన ఎండ చుక్కలు చుక్కలుగా ఎగురుతోంది.

"తాతా, నీల్లు దుంకుతన్నయ్!" అన్నాడు వాడు.

"దుంకుతన్నయ్ బిడ్డా. చూడు, ఇంక దుంకుతయ్."

వాడు నవ్వాడు. కళ్లు గిన్నె మీద నుంచి తీయలేదు, తల కదపలేదు. నడినెత్తి నుంచి నుదుటి దాకా కత్తి ఒక్క గీతగా వచ్చింది. వెంట్రుకలు తడి గడ్డిలాగా పడ్డాయి. ఆమె వేలు ముందు పోతోంది, కత్తి వెనక వస్తోంది. చెవి వెనక్కి వచ్చాక బొటనవేలు పులిపిరి మీద మూతలాగా పెట్టి, దాని చుట్టూ తిప్పుకుని వచ్చింది. కత్తి మూసేసరికి ఆమె వీపు చెమటతో తడిసింది. తల నున్నగా, ఎక్కడా ఎర్రటి చుక్క లేకుండా ఉంది. వర్ష గంధం పూసింది.

సారక్క దగ్గరికి వచ్చి, ముడతల చేత్తో ఆ తలను ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తడిమింది. పని చేసినవాళ్లకు ఇచ్చే బియ్యం, కొబ్బరికాయ పళ్లెం తెచ్చి, ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఏమో అమ్మా, ఎవలకియ్యాల్నో నాకైతే సమజ్ గాలె. మీరే తేల్చుకోండ్రి" అని మూతి తిప్పుకుంటూ లోపలికి పోయింది. నగేశ్ నవ్వు ఆపుకోలేక పిల్లవాడిని ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు.

ముగ్గురం ఇంటిదారి పట్టాం. సైకిల్ నడిపిస్తూ అతను, పట్టీ భుజాన వేసుకుని ఆమె. మా ఇల్లు వచ్చేసరికి, "పొద్దుగాల జనగామ బస్సు ఎన్నింటికున్నది వదినె?" అని నన్ను అడిగింది కుమారస్వామి కాదు, శారద. అతను మాత్రం, కసరకుండా, జవాబు కోసం ఆగాడు.

సాయంత్రం శారద బియ్యం చెరుగుతుంటే లోపల సుత్తి చప్పుడు వినిపించింది. దెబ్బ పడుతోంది, ఆగుతోంది, మళ్లీ పడుతోంది. ఒక దెబ్బ గోడకు తగిలి పెచ్చు రాలింది. ఆమె లేవబోయి, కూర్చుండిపోయింది. చప్పుడు ఆగాక కత్తి తుడిచి నూనె రాయడానికి లోపలికి వెళ్లింది. పట్టీ కొక్కెం పాత చోట లేదు. కిటికీ అంచు కింద, కొంచెం వంకరగా దిగి ఉంది. పట్టీ దానికి వేలాడుతోంది.

ఆమె అలవాటుగా వంటింట్లోంచి పీట తెచ్చింది. గోడ దగ్గర పెట్టి, కొక్కెం వైపు చూసింది. మళ్లీ తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టి వచ్చింది. నేల మీద నిలబడి చేయి చాపితే పట్టీ అందింది.

లచ్చవ్వ, అరవై ఆరేళ్లు. ఊరు నర్మెట్ట, ఇప్పుడు బిడ్డ దగ్గర భూపాలపల్లిలో ఉంటున్నాను.